తింటోంది కానీ ఒంటికి పట్టట్లేదు

ఈసారి పిల్లుల గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే బాధ చుట్టూ, అంటే పేగు జబ్బున్న పిల్లి తిండి, బరువు చుట్టూ తిరుగుతున్నాయి, అందుకే మిగతావి పక్కనపెట్టి ఈ నాలుగూ ఒకేచోట తీసుకుంటున్నాను.

ప్రశ్న: నమస్తే అండి. మా చిన్నికి పదేళ్లు, ఆడపిల్లి, స్టెరిలైజేషన్ అయింది, ఇల్లు దాటి బయటికి వెళ్లదు. ఒకప్పుడు 4.2 కిలోలు ఉండేది, ఇప్పుడు 3.1. చాలా రోజుల నుంచి వారానికి రెండు మూడు వాంతులు, మోషన్ ఎప్పుడూ పల్చగానే. డాక్టర్ గారు రక్తపరీక్షలు, స్కాన్ చేసి పేగు గోడ మందంగా ఉందని, ఇది ఐబీడీ అని, అంటే పేగుల్లో వాపు వచ్చి తగ్గకుండా ఉండిపోయే జబ్బు అని చెప్పి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. వాంతులు బాగా తగ్గాయి, ఆకలి కూడా విపరీతంగా ఉంది, గిన్నె ఖాళీ చేసి మళ్లీ నా కాళ్ల చుట్టూ తిరుగుతుంది, అయినా బరువు మాత్రం అక్కడే ఉంది. దువ్వుతుంటే వెన్నుపూసలు ఒక్కొక్కటీ చేతికి తగిలి ఏడుపొస్తోంది. ఒకరు పాలు మీగడ పెట్టమంటారు, ఒకరు వెన్న కలపమంటారు, ఇంకొకరు పిల్లికూనలకి పెట్టే ఫుడ్ పెడితే నెలలో గుండ్రంగా అయిపోతుందంటారు. త్వరగా బరువు పెరగాలంటే ఏం పెట్టమంటారు?

జవాబు: 4.2 నుంచి 3.1కి అంటే ఒంట్లో నాలుగోవంతు పైనే పోయిందండి, 60 కిలోల మనిషి 44కి వచ్చేసినట్టు. మీ కంగారు నాకు అర్థమవుతోంది. కానీ ఇలాంటి పిల్లిని త్వరగా లావెక్కించాలని చూస్తేనే మళ్లీ మోషన్స్ పట్టుకుని ఉన్నదీ పోతుంది. దానికి తిండి తక్కువ కాలేదు కదా, గిన్నె ఖాళీ చేస్తోందని మీరే రాశారు. తిన్నది పేగు పీల్చుకోవట్లేదు, తేడా అక్కడుంది, కాబట్టి ఇంకా ఏం పెట్టాలి అనేదాని కంటే ముందు పేగుకి అడ్డం పడుతున్నది ఏంటో చూడాలి.

ముందుగా డాక్టర్ గారిని రెండు విషయాలు అడగండి. ఒకటి, ఇదివరకు చేసిన రక్తపరీక్షల్లో థైరాయిడ్ ఉందా లేదా. పదేళ్ల పిల్లి బాగా తింటూ చిక్కిపోతోందంటే థైరాయిడ్ ఎక్కువైందేమో అని చూడకుండా వదలకూడదు, పేగు జబ్బూ థైరాయిడూ రెండూ ఒకే పిల్లికి ఉండొచ్చు కూడా. షుగర్ సంగతి కూడా అంతే, పైగా స్టెరాయిడ్ వాడుతున్న పిల్లుల్లో షుగర్ వచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి నీళ్లు ఎక్కువ తాగుతోందా, లిట్టర్ బాక్స్‌లో మూత్రం గడ్డలు పెద్దవవుతున్నాయా గమనిస్తూ ఉండండి.

రెండోది విటమిన్ బి12. దీని గురించి కొంచెం వివరంగా చెప్తాను ఎందుకంటే చాలా ఇళ్లలో ఇది తెలియకే నెలలు గడిచిపోతాయి. తిండిలోని బి12 ఒంట్లోకి రావాలంటే పిల్లుల్లో పాంక్రియాస్ తయారుచేసే ఒక ప్రొటీన్ దానికి అంటుకోవాలి, అప్పుడు చిన్నపేగు చివరిభాగం దాన్ని పీల్చుకుంటుంది. ఆ చివరిభాగం వాచి ఉంటే ఎంత మంచి ఫుడ్ పెట్టినా బి12 లోపలికి రాదు, బి12 లేకపోతే పేగు లోపలి పొర కొత్తగా తయారవదు, పొర బాగుపడకపోతే మిగతా పోషకాలు కూడా పట్టవు, ఇలా ఒకదాన్నొకటి లాక్కుంటూ పోతుంది. రక్తంలో బి12 ఎంతుందో ఒక్క పరీక్షతో తెలిసిపోతుంది. తక్కువుంటే సాధారణంగా 250 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ వారానికొకటి చొప్పున ఆరు వారాలు, తర్వాత నెలకి ఇంకొకటి ఇచ్చి మళ్లీ పరీక్ష చేస్తారు, చర్మం కిందే కాబట్టి చాలామంది నేర్చుకుని ఇంట్లోనే ఇస్తారు. ఇంజెక్షన్ అంటే పారిపోయే పిల్లులకి రోజూ నోటిద్వారా ఇచ్చినా లెవెల్ పెరుగుతుంది. మనుషుల మల్టీవిటమిన్ మాత్రం మీ అంతట మీరు ఇవ్వకండి. బి12 లోటుంటే అది పూడ్చకుండా డైట్ ఎన్ని మార్చినా, స్టెరాయిడ్ డోసు పెంచినా బరువు దగ్గర బండి ముందుకి కదలదు, ఇది నేను గట్టిగా చెప్పగలను.

ఇక ఫుడ్. మీరు ఏం పెడుతున్నారో రాయలేదు, స్టెరాయిడ్ కంటే ముందు డైట్ ట్రయల్, అంటే కొన్ని వారాలు ఒకే రకం ఫుడ్ పెట్టి పడుతుందో లేదో చూడటం, చేశారో లేదో కూడా రాయలేదు, చేసి ఉండకపోతే ఇప్పుడైనా డాక్టర్ గారితో మాట్లాడి చేయండి. పేగు జబ్బున్న పిల్లుల్లో చాలావాటికి ఫుడ్ మార్పుతోనే బాగా తేడా కనపడుతుంది. రెండు దారులున్నాయి. ఒకటి హైడ్రొలైజ్డ్ ఫుడ్, అందులో ప్రొటీన్‌ని ఒంటి రక్షణ వ్యవస్థ గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలుగా విడగొట్టి ఉంచుతారు. రెండోది మీ పిల్లి పుట్టాక ఎప్పుడూ తినని మాంసంతో చేసిన ఫుడ్, ఉదాహరణకి ఇన్నాళ్లూ కోడి, చేప తిని ఉంటే కుందేలు లాంటిది. ఏదైనా సరే అదొక్కటే పెట్టి రెండు మూడు వారాలు చూడాలి, పేగుల విషయంలో ఆ మాత్రం టైమ్‌లో తేడా తెలుస్తుంది, చర్మం అలర్జీలకైతే ఇంకా ఎక్కువ పడుతుంది. అదొక్కటే అంటే నిజంగా అదొక్కటే. ట్రీట్లు లేవు, మందు మింగించడానికి వాడే రుచిగల పేస్ట్ లేదు, ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే దాని గిన్నె కూడా అందకూడదు. ట్యాబ్లెట్‌ని ఖాళీ క్యాప్సూల్‌లో పెట్టి ఇవ్వండి, వెనకాలే సిరంజితో కొంచెం నీళ్లు పోయండి, మాత్ర గొంతులో ఇరుక్కోకుండా ఉంటుంది. ఒక ఫుడ్ పనిచేయకపోతే డైట్ పనిచేయదని వదిలేయకండి, రెండో రకం పనిచేసిన పిల్లులు బోలెడు.

కొవ్వు తక్కువున్న ఫుడ్ పెట్టాలేమో అనే అనుమానం చాలామందికి ఉంటుంది. అది కుక్కల దగ్గర్నుంచి వచ్చిన భయం. పిల్లులు మామూలుగా కొవ్వుని బాగానే అరిగించుకుంటాయి, ఒంటికి క్యాలరీలు దిగేది కూడా దాంతోనే, కాబట్టి డాక్టర్ ప్రత్యేకంగా చెప్తే తప్ప తగ్గించాల్సిన పనిలేదు. మంచి మాంసపు ప్రొటీన్, తగినంత కొవ్వు, పీచు తక్కువ, తేలిగ్గా అరిగేది, ఇలాంటిది చూసుకోండి. గుమ్మడికాయ గుజ్జు లాంటి పీచు కలిపితే మోషన్ గట్టిపడినట్టు కనపడుతుంది కానీ పొట్ట నిండిపోయి క్యాలరీలు తగ్గుతాయి, బరువు పెరగాల్సిన పిల్లికి అది ఎదురు నడక.

ఎంత పెట్టాలి? 3.1 కిలోల పిల్లికి కదలకుండా పడుకుని ఉండటానికే రోజుకి దాదాపు 165 క్యాలరీలు కావాలి. 4 కిలోల దగ్గరికి రావాలంటే 200 నుంచి 240 మధ్య అనుకుని మొదలుపెట్టొచ్చు, పేగు సరిగ్గా పీల్చుకోని పిల్లికి అంతకంటే ఎక్కువే కావాల్సి రావచ్చు. కానీ రేపే 240 పెట్టేయకండి. ముందు నాలుగు రోజులు ఇప్పుడు తినేదాన్ని గ్రాముల్లో తూకం వేసి రాసుకోండి, ప్యాకెట్ మీద క్యాలరీలు ఉంటాయి, డ్రై ఫుడ్ అయితే గ్రాముకి మూడున్నర నుంచి నాలుగు, టిన్ లేదా పౌచ్ ఫుడ్ అయితే గ్రాముకి ఒకటి అటూ ఇటూ. దాని మీద పదో వంతు పెంచి నాలుగైదు రోజులు ఆగండి, మోషన్ చెడకపోతే ఇంకో పదో వంతు, చెడితే ఒక మెట్టు వెనక్కి. ఆ మొత్తాన్ని రోజుకి ఐదారు సార్లుగా పంచండి, ఒకేసారి ఎక్కువ తింటే వాచిన పేగు మీద అంతా ఒకేసారి పడుతుంది, చిన్నచిన్న ముద్దలైతే అదే పేగు ఇంకొంచెం ఎక్కువ లాగగలదు. రాత్రికి టైమర్ ఉన్న ఫీడర్ పెట్టుకుంటే మీకూ నిద్ర ఉంటుంది.

బరువు చూడటానికి పసిపిల్లల్ని తూచే మెషిన్ తెచ్చుకోండి. మీరు పిల్లిని ఎత్తుకుని మామూలు మెషిన్ ఎక్కి తీసివేత చేస్తే వంద గ్రాములు అటూ ఇటూ వస్తుంది, మనకి కావాల్సింది అంతకంటే చిన్న తేడా. వారానికొకసారి, ఒకే టైమ్‌కి, తినకముందు. చిన్నికి వారానికి 30 నుంచి 60 గ్రాములు పెరిగితే చాలా బాగా పెరుగుతున్నట్టే. అలాగే చేత్తో కూడా చూడండి: వెన్ను పక్కన, భుజాల మీద, తల పైన కండ నిండుతోందా లేక పొట్ట మాత్రమే వేలాడుతోందా. స్టెరాయిడ్ ఆకలి పెంచుతుంది కానీ కండని కరిగించి పొట్ట దగ్గర కొవ్వు చేరుస్తుంది, అందుకే మెషిన్ మీద అంకె ఒక్కటే నమ్మకూడదు.

పాలు వద్దు, పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలు వస్తాయి. వెన్న, మీగడలో క్యాలరీలు ఉంటాయి కానీ కండ కట్టే ప్రొటీన్ దాదాపు లేనట్టే. సిరంజితో నూనె గొంతులో పోయడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకి వస్తుంది. పిల్లికూనల ఫుడ్ నిజానికి మంచి సలహానే, క్యాలరీలు ఎక్కువ, పోషకాలు పూర్తిగా ఉంటాయి, కానీ ట్రయల్ నడిచే వారాల్లో వద్దు, అందులో ఏ మాంసం ఉందో ఆ మాంసమే పేగుకి పడకపోతే మొత్తం లెక్క తప్పుతుంది. ఏ ఫుడ్ పడుతుందో తేలాక అప్పుడు ఆలోచించొచ్చు. పచ్చి మాంసం స్టెరాయిడ్ వాడుతున్నంతకాలం అసలు వద్దు. ఉల్లి, వెల్లుల్లి ఉన్నవి, వాటి పొడి కలిపిన సూప్ కూడా, పిల్లి ఎర్ర రక్తకణాలని దెబ్బతీస్తాయి.

ఇవన్నీ పద్ధతిగా చేసినా బరువు కదలకపోతే డాక్టర్ గారితో బయాప్సీ, అంటే పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం, మాట ఎత్తండి. పెద్ద వయసు పిల్లుల్లో నెమ్మదిగా పెరిగే ఒక రకం పేగు లింఫోమా, అంటే ఒక రకం క్యాన్సర్, ఉంటుంది, స్కాన్‌లో అచ్చం ఐబీడీలాగే కనపడుతుంది. పేరు వినగానే గుండె జారిపోనక్కర్లేదు, ప్రెడ్నిసొలోన్‌తో పాటు క్లోరాంబుసిల్ అనే మాత్రతో చాలా పిల్లులు ఏళ్ల తరబడి బాగానే ఉంటాయి, కానీ ఏ జబ్బో తెలిస్తేనే కదా ఆ మాత్ర ఇచ్చేది.

ప్రశ్న: మా మగపిల్లికి కూడా ఇదే జబ్బు. డాక్టర్ హైడ్రొలైజ్డ్ డ్రై ఫుడ్ ఇచ్చారు, వాసన చూసి వెళ్లిపోతున్నాడు. ఆకలేస్తే వాడే తింటాడని పాతది తీసేశాం. ఇవాళ్టికి రెండో రోజు, ఏమీ ముట్టలేదు. ఇంకెన్నాళ్లు పట్టుదలగా ఉండాలి?

జవాబు: ఇక ఒక్క పూట కూడా వద్దండి, ఇది చదివిన వెంటనే పాత ఫుడ్ పెట్టండి, తినకపోతే ఇవాళే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కరిగి లివర్‌లోకి చేరి లివర్ పని ఆగిపోయే ప్రమాదం ఉంది, కొంచెం లావుగా ఉన్న పిల్లులకి ఇంకా ఎక్కువ. చెవుల లోపల, చిగుళ్లు, కళ్లు పసుపుగా కనిపిస్తే అస్సలు ఆలస్యం చేయకండి. పిల్లితో పట్టుదలలో మనం గెలవం, గెలిచినా దానికే నష్టం.

ఒకటి గమనించండి. గిన్నె దగ్గరికి ఆశగా వచ్చి, వాసన చూసి, పెదాలు నాక్కుని, గుటక వేసి, తల తిప్పుకుంటున్నాడా? చొంగ కారుతోందా? అయితే అది మొండితనం కాదు, కడుపులో తిప్పుతోంది. దానికి మారోపిటాంట్, ఒండాన్‌సెట్రాన్ లాంటి మందులున్నాయి, ఆకలి పుట్టించడానికి మిర్టాజపైన్ ఉంది, చెవి లోపలి చర్మానికి రాసే రూపంలో కూడా వస్తుంది, మాత్ర అంటే యుద్ధం చేసే పిల్లులకి అది పెద్ద వరం. ఏది ఎంత అనేది డాక్టర్ చెప్పాలి. తిప్పుతున్నప్పుడు బలవంతంగా నోట్లో కుక్కితే ఆ ఫుడ్ అంటేనే విరక్తి పుట్టి తర్వాత ఆరోగ్యం బాగున్నా ముట్టదు. మందు ఫుడ్‌లో కలిపి పెట్టినా అదే జరుగుతుంది.

వాడు మళ్లీ తినడం మొదలుపెట్టాక కొత్తది వేరే గిన్నెలో పక్కన పెట్టండి, చూసి అలవాటు పడనివ్వండి. తర్వాత పాతదాంట్లో చిటికెడు కలిపి పది రోజులైనా పట్టనివ్వండి, అవసరమైతే ఇంకా ఎక్కువ. డ్రై నచ్చకపోతే అదే రకం టిన్ రూపంలో అడగండి, కొంచెం గోరువెచ్చగా చేసి పెడితే వాసన లేచి తినే అవకాశం పెరుగుతుంది. ఇంకో జాగ్రత్త, చాలా రోజులు తిండిలేకుండా ఉన్న పిల్లికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టకూడదు. రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం ఒక్కసారిగా పడిపోయి ప్రాణాపాయం రావచ్చు. అలాంటప్పుడు ఆస్పత్రిలో ఉంచి, మొదటిరోజు కావాల్సినదాంట్లో పావు నుంచి మూడో వంతుతో మొదలుపెట్టి, రక్తం చూసుకుంటూ మూడు నుంచి ఐదు రోజుల్లో పూర్తి మోతాదుకి తీసుకొస్తారు.

ప్రశ్న: ప్యాకెట్ ఫుడ్ మానేసి ఉడికించిన చికెన్ మాత్రమే పెడుతున్నాను, మోషన్ గట్టిపడింది, వాంతులు లేవు, బరువు కూడా కాస్త పెరిగింది. ఇలాగే కొనసాగించొచ్చా?

జవాబు: కొన్ని రోజులకైతే పర్వాలేదు, నెలల తరబడి అయితే కుదరదు. మీకు దొరికిన సమాచారం మాత్రం చాలా విలువైనది, మీ పిల్లికి చికెన్ పడుతోంది, పాత ప్యాకెట్లో ఉన్న ఇంకేదో పడట్లేదు, ఇది డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. వట్టి మాంసంలో ఫాస్ఫరస్ బాగా ఉండి కాల్షియం దాదాపు లేనట్టే, దాంతో ఒళ్లు ఎముకల్లోంచి కాల్షియం లాగేసుకుంటుంది. పిల్లికి తప్పనిసరిగా కావాల్సిన టారిన్ అనే పోషకం ఉడికించిన నీళ్లలోకి కొంత పోతుంది, ఆ నీళ్లు పారబోస్తే అదీ పోయినట్టే, టారిన్ లోటుతో గుండె కండరం, కంటిచూపు రెండూ దెబ్బతింటాయి. విటమిన్ ఎ, ఇ, అయోడిన్ లాంటివి కూడా సరిపోవు. లోటు ఉందని పైకి తెలిసేసరికి చాలా ఆలస్యమవుతుంది, ఎందుకంటే అప్పటిదాకా పిల్లి బాగానే ఉన్నట్టు కనపడుతుంది. ఇంటి వంటే కావాలనుకుంటే పశువైద్యంలో పోషకాహారం చదివిన డాక్టర్ చేత మీ పిల్లి రిపోర్టులు చూపించి రెసిపీ రాయించుకోండి, రాసిన సప్లిమెంట్లు గ్రాముతో సహా వేయండి, ఒకటి దొరకలేదని ఇంకోటి మార్చకండి. లేదంటే చికెన్ ఒక్కటే మాంసంగా ఉన్న పూర్తి ఫుడ్ వెతకండి. కుక్కల ఫుడ్ వైపు చూడకండి, పిల్లికి కావాల్సినవి అందులో ఉండవు.

ప్రశ్న: మా పిల్లి ఆకలి మందులు వాడినా సగం కూడా తినట్లేదు. ఫీడింగ్ ట్యూబ్ పెడదామంటున్నారు డాక్టర్. అది చివరి దశలో పెట్టేదేనా? భయంగా ఉంది, ఒప్పుకోవాలా?

జవాబు: చివరి దశ దాకా ఆగితేనే దాని ఉపయోగం తగ్గిపోతుందండి. మీరు డాక్టర్‌ని అడగాల్సింది ఒకటే, మా పిల్లి ట్యూబ్ పెట్టించుకునేంత బలంగా ఉందా అని. ఉందంటే నేనైతే ఒప్పుకోమనే చెప్తాను. మెడ పక్కనుంచి అన్నవాహికలోకి వేసే సన్నని గొట్టం అది, కాసేపు మత్తు ఇచ్చి పెడతారు, పైన మెత్తటి పట్టీ కడతారు. అది ఉన్నా పిల్లి నోటితో తినొచ్చు, తాగొచ్చు, పడుకోవచ్చు. మీరు ఇంట్లోనే మెత్తగా చేసిన ఫుడ్‌ని సిరంజితో నెమ్మదిగా ఎక్కిస్తారు, మందులు కూడా అందులోంచే పోతాయి కాబట్టి రోజూ నోరు తెరిపించే గొడవ తప్పుతుంది, పిల్లికి మీ మీద భయం పోతుంది. వారాలు, అవసరమైతే నెలలు కూడా ఉంచొచ్చు, సొంతంగా తినడం మొదలుపెట్టి బరువు నిలబడ్డాక కుట్టు కత్తిరించి లాగేస్తారు, రంధ్రం దానంతట అదే మూసుకుపోతుంది.

ఫుడ్ గోరువెచ్చగా ఉండాలి, ఎక్కించేముందూ తర్వాతా కొంచెం నీళ్లు పంపాలి, లేకపోతే గొట్టం పూడుకుపోతుంది. ఎక్కిస్తున్నప్పుడు గుటకలు వేసినా, చొంగ కారినా ఆపి పది నిమిషాలు ఆగండి, తర్వాత ఇంకా నెమ్మదిగా. గొట్టం చుట్టూ చర్మం రోజూ చూడండి, ఎర్రబడినా చీములా కనపడినా అదే రోజు ఫోన్ చేయండి, పిల్లి వాంతి చేసుకుని గొట్టం చివర నోట్లోకి వచ్చేస్తే ఇంకేమీ ఎక్కించకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లండి.